ఒక్క పూస మారితే

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మన అమ్మమ్మల, నాయనమ్మల తరంలో పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, పుల్లమ్మ అనే పేర్లు ఊరూరా వినిపించేవి. ఇప్పటి పిల్లలు ఆ పేర్లు వింటే కిసుక్కున నవ్వుతారు. కాని ఆ పేర్ల వెనక ఉన్నది నవ్వు కాదు, కన్నీళ్లు. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతూంటే, ఈసారి పుట్టినదాన్నయినా దక్కించుకోవాలని బిడ్డని పెంటకుప్ప మీద పెట్టి తెచ్చుకుని పెంటయ్య అనీ, ఎంగిలి విస్తరాకుల్లో పడుకోబెట్టి పుల్లయ్య అనీ పేరు పెట్టేవారు. పారేసిన వస్తువుని మృత్యువు మాత్రం ఎందుకు ఎత్తుకుపోతుందిలే అని ఆ తల్లి ఆశ.

ఇలాంటి ఆచారం మనకొక్కరికే లేదు. పశ్చిమ ఆఫ్రికాలోని నైజీరియాలో యోరుబా జాతివారు పిల్లలు వరసగా పోతే, తరవాత పుట్టిన బిడ్డకి "కొకుమో" అని పేరు పెట్టేవారు. ఇక చచ్చిపోడు అని దాని అర్థం. "మలోమో" అని ఇంకో పేరుంది. మళ్లీ వెళ్లిపోకు అని అర్థం. ఒకే బిడ్డ మళ్లీ మళ్లీ పుట్టి, తల్లిని ఏడిపించి వెళ్లిపోతోందని వారి నమ్మకం. అలా పోయిన పిల్లల్లో కొందరికి పట్టిన జబ్బేమిటో ఇవాళ మనకు తెలుసు. అది తల్లితండ్రుల రక్తంలోంచి బిడ్డకు వచ్చే జబ్బు. ఇంగ్లీషులో సికిల్ సెల్ ఎనీమియా అంటారు. మనం కొడవలి కణాల రక్తహీనత అనుకోవచ్చు.

ఈ జబ్బు మర్మం ఎలా బయటపడిందో ఇవాళ చెప్పుకుందాం. కంటికే కాదు, మామూలు సూక్ష్మదర్శినికి కూడా కనిపించని ఒక అణువు ఎలా కట్టబడి ఉందో తెలుసుకోడానికి కొందరు స్త్రీపురుషులు ఏళ్లతరబడి కష్టపడ్డారు. "అణువు రూపం తెలిస్తే నాకేం లాభం, నా బిడ్డ జ్వరం తగ్గుతుందా?" అని ఏ తల్లయినా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబే ఈ కథ.

1904 డిసెంబరులో అమెరికాలోని షికాగో నగరంలో ఒక యువకుడు దగ్గుతో, నీరసంతో, కాళ్లమీద పుళ్లతో ఆస్పత్రిలో చేరాడు. పేరు వాల్టర్ క్లెమెంట్ నోయెల్. వెస్టిండీస్‌లోని గ్రెనడా దీవి అతని స్వస్థలం. పళ్ల వైద్యం చదువుకోడానికి ఓడెక్కి అంత దూరం వచ్చాడు. ఐరన్స్ అనే కుర్ర డాక్టరు అతని రక్తం బొట్టు తీసి సూక్ష్మదర్శినిలో చూశాడు. మామూలుగా మన ఎర్ర కణాలు గుండ్రంగా, మధ్యలో కాస్త నొక్కుపడి ఉంటాయి. గారె తట్టి, చిల్లు పెట్టబోయి, వేలితో నొక్కి వదిలేస్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట. ఈ యువకుడి రక్తంలో మాత్రం కొన్ని కణాలు సన్నగా, పొడుగ్గా, కొడవళ్లలా వంగి ఉన్నాయి. ఐరన్స్ వాటిని తన పై డాక్టరు జేమ్స్ హెరిక్‌కు చూపించాడు. హెరిక్ ఎన్నో పుస్తకాలు తిరగేశాడు. ఎక్కడా అలాంటి బొమ్మ లేదు. కొన్నాళ్లపాటు రోగిని కనిపెట్టి చూసి, 1910లో ఆ సంగతి అచ్చువేయించాడు. వైద్యశాస్త్రంలో ఈ జబ్బు గురించి వచ్చిన మొదటి రాత అదే.

నోయెల్ చదువు పూర్తిచేసుకుని గ్రెనడాకు తిరిగివెళ్లి పళ్ల డాక్టరుగా పనిచేశాడు. 1916లో న్యుమోనియాతో పోయాడు. అప్పటికి అతనికి ముప్ఫయ్ రెండేళ్లు కూడా సరిగా నిండాయో లేదో. తన పేరు ఇలా చరిత్రలో నిలుస్తుందని అతనికి తెలియనే తెలియదు.

తరవాత ఇలాంటి రోగులు మరికొందరు కనిపించారు. 1922లో జబ్బుకి ఇప్పుడు మనం అంటున్న పేరు వచ్చింది. 1927లో హాన్, గిలెస్పీ అనే ఇద్దరు డాక్టర్లు ఒక చిత్రం గమనించారు. ఈ రోగుల రక్తంలోంచి ప్రాణవాయువు తీసేస్తే కణాలు కొడవళ్లలా వంగుతున్నాయి. మళ్లీ ప్రాణవాయువు అందిస్తే చాలామటుకు గుండ్రంగా అయిపోతున్నాయి. అలా వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుపోతాయి. ఇరుకు సందులో బండి అడ్డం తిరిగితే ఏమవుతుంది? వెనక బళ్లన్నీ ఆగిపోతాయి. అలాగే రక్తం ఆగిపోయిన చోట భరించలేని నొప్పి వస్తుంది. చంటిపిల్లలకి చేతులూ, కాళ్లూ వాచిపోతాయి. పైగా మామూలు ఎర్ర కణం సుమారు 120 రోజులు బతికితే, ఈ కొడవలి కణం 10, 20 రోజులకే చితికిపోతుంది. అందుకే రక్తం ఎంత పట్టినా చాలదు. ఒళ్లు పాలిపోతుంది, కళ్లు పచ్చబడతాయి.

ఇదంతా తెలిసింది. మరి కణం వంగడం ఎందుకు?

1945లో విలియం కాసిల్ అనే వైద్యుడు ఈ జబ్బు సంగతి లైనస్ పౌలింగ్‌కు మాటల్లో చెప్పాడు. పౌలింగ్ డాక్టరు కాదు, రసాయన శాస్త్రజ్ఞుడు. పదార్థాల్లో పరమాణువులు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయో చూడడం ఆయన పని. ప్రాణవాయువు పోతే కణం వంగుతోందని వినగానే ఆయనకి ఒక ఆలోచన తట్టింది. ఎర్ర కణంలో ప్రాణవాయువుని మోసేది హిమోగ్లోబిన్. ఒక్కొక్క కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు కిక్కిరిసి ఉంటాయి. అయితే లోపం కణంలో కాదు, ఆ హిమోగ్లోబిన్ అణువులోనే ఉందేమో!

ఆ పనిని హార్వే ఇటానో అనే కుర్రవాడికి అప్పజెప్పాడు. ఈ ఇటానో సంగతి కూడా చెప్పుకోవలసిందే. తల్లితండ్రులు జపాను నుంచి వెళ్లినవారు. అతను పుట్టింది అమెరికాలోనే. 1942లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అందరికంటె పైన నిలిచి పతకం గెలుచుకున్నాడు. కాని అది జపానుతో యుద్ధం జరుగుతున్న కాలం. జపాను సంతతివారిని శిబిరాల్లో పెట్టారు. పట్టప్రదానం జరిగేనాటికి ఈ కుర్రవాడు ముళ్లకంచె వెనక ఉన్నాడు. తరవాత అక్కణ్ణించి బయటపడి వైద్యం చదివి, 1946లో పౌలింగ్ దగ్గర చేరాడు.

ఇటానో, అతని తోటివారు సింగర్, వెల్స్ కలిసి ఏం చేశారంటే, మామూలు మనిషి హిమోగ్లోబిన్‌నీ, రోగి హిమోగ్లోబిన్‌నీ నీటి ద్రావకంలో ఉంచి, రెండు కొసలా విద్యుత్తు పెట్టి చూశారు. ఒక తూకంలో కలిపిన ద్రావకంలో మామూలు హిమోగ్లోబిన్ ఒకవైపుకి నడిస్తే, రోగిది రెండోవైపుకి నడిచింది. అంటే రెండూ ఒకటి కావు. కణాలు వంగే లక్షణం మాత్రమే ఉన్నవారి రక్తం కూడా పరీక్షించారు. వారికి జబ్బు లేదు. కాని వారి రక్తంలో రెండు రకాల హిమోగ్లోబినూ ఉన్నాయి, కొంత మామూలుది, కొంత కొడవలిది. 1949 నవంబరులో ఈ ఫలితాలు ప్రకటించారు. జబ్బు ఒక అణువులో పుట్టిందని ప్రపంచంలో మొట్టమొదటిసారి రుజువైంది అప్పుడే. అదే ఏడు జేమ్స్ నీల్ అనే శాస్త్రజ్ఞుడు, తల్లి దగ్గరనుంచి ఒకటి, తండ్రి దగ్గరనుంచి ఒకటి, రెండు పాళ్లూ వస్తేనే బిడ్డకి జబ్బు వస్తుందని చూపించాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. పిల్లలు దక్కకపోతే, "కోడలు అడుగుపెట్టిన వేళ అలాంటిది" అనే మాట మనం వినలేదా? "దాని కడుపు చలవ అంతే" అనే దెప్పు వినలేదా? నీల్ పరీక్షలో తల్లి రక్తం ఎంత చెప్పిందో తండ్రి రక్తమూ అంతే చెప్పింది. ఇందులో ఎక్కువ తక్కువలు లేవు. తల్లి తిన్న తిండీ కాదు, తొక్కిన గడపా కాదు, చేసిన పాపమూ కాదు. ఎన్ని ఊళ్లలో ఎంతమంది ఆడవాళ్ల నెత్తిన పడ్డ నిందని ఈ పరీక్ష తుడిచివేసిందో ఆలోచించండి.

సరే, రెండు హిమోగ్లోబిన్లూ వేరు అని తెలిసింది. ఎక్కడ వేరు? హిమోగ్లోబిన్ ఒక మాంసకృత్తు. మాంసకృత్తులంటే ఎమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండలు. హిమోగ్లోబిన్‌లో నాలుగు దండలుంటాయి. 141 పూసల దండలు రెండు, వాటిని ఆల్ఫా దండలంటారు. 146 పూసల దండలు రెండు, అవి బీటా దండలు. మొత్తం 574 పూసలు. ఇందులో మారిన పూస ఏదో వెతకాలి.

ఈ పని ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇన్‌గ్రామ్ చేశాడు. ఈయన జర్మనీలో పుట్టి, హిట్లరు పాలన వల్ల చిన్నతనంలోనే దేశం వదిలి వచ్చినవాడు. పెద్ద దండని ఒకేసారి చూడలేమని, మన పొట్టలో మాంసకృత్తుల్ని అరగదీసే రసాల్లో ఒకటైన ట్రిప్సిన్‌తో హిమోగ్లోబిన్‌ని చిన్నచిన్న ముక్కలు చేశాడు. అద్దుడు కాగితంలాంటి కాగితం మీద ఒక చుక్క వేసి, విద్యుత్తుతో ఆ ముక్కల్ని అడ్డంగా, ద్రావకంతో నిలువుగా పరిచాడు. రంగు వేస్తే కాగితం మీద సుమారు 30 మచ్చలు, ముగ్గుకి పెట్టిన చుక్కల్లా తేలాయి. మామూలు హిమోగ్లోబిన్ కాగితమూ, రోగి హిమోగ్లోబిన్ కాగితమూ పక్కపక్కన పెట్టి చూస్తే అన్ని చుక్కలూ ఒకేచోట ఉన్నాయి, ఒక్కటి తప్ప! 1956లో ఈ సంగతి ప్రకటించాడు. 1957కల్లా ఆ ముక్కలోని పూసలు లెక్కపెట్టి, గ్లుటామిక్ ఆమ్లం అనే పూస ఉండవలసిన చోట వేలీన్ అనే పూస ఉందని తేల్చాడు. అది బీటా దండలో 6వ పూస. 146 పూసల్లో ఒక్క పూస!

మన ఇళ్లలో అత్తగారు కోడలికి చెప్పే మాట ఒకటుంది, కూరలో ఉప్పు మరిచిపోతే అన్నీ వేసినా ఏమీ వెయ్యనట్టే అని. ఇదీ అలాంటిదే. కాని శాస్త్రజ్ఞుల ప్రశ్న ఇంకా తీరలేదు. ఒక్క పూస మారితే కణం కణమంతా ఎందుకు వంగిపోవాలి? దీనికి జవాబు దొరకాలంటే పూసల వరస తెలిస్తే చాలదు. ఆ దండ ఎలా మడతలుపడి చుట్టుకుందో, ఏ పూస పైకి వచ్చిందో, ఏది లోపల దాక్కుందో కళ్లకి కట్టినట్టు తెలియాలి. మరి కంటికి కనిపించని అణువుని చూడడం ఎలా?

ఇక్కడ ఒక మహానుభావురాలిని తలుచుకోవాలి. ఆవిడ పేరు డొరొతీ హాడ్జ్‌కిన్. పటికబెల్లం పలుకుల్లా కొన్ని పదార్థాలు స్ఫటికాలుగా కడతాయి కదా. అలాంటి స్ఫటికం మీదికి ఎక్స్-రే కిరణాలు పంపితే అవి లోపలి పరమాణువులకు తగిలి చెదిరి, వెనకనున్న ఫిలిం మీద చుక్కలుగా పడతాయి. ఆ చుక్కల తీరు చూసి లోపలి అమరికని లెక్కకట్టాలి. 1934లో కేంబ్రిడ్జిలో బెర్నాల్ అనే శాస్త్రజ్ఞుడూ, డొరొతీ కలిసి మాంసకృత్తు స్ఫటికానికి మొదటిసారి ఇలాంటి మంచి ఫోటో తీశారు. అంతవరకూ ఎందుకు కుదరలేదంటే, అందరూ స్ఫటికాన్ని ఆరబెట్టి ఫోటో తీసేవారు. ఆరితే లోపలి అమరిక చెడిపోతుంది. తను పుట్టిన ద్రావకంలో తడిగా ఉంచి తీస్తేనే బొమ్మ వస్తుందని వీరు కనిపెట్టారు. అదే రోజుల్లో డొరొతీగారికి చేతుల కీళ్లు వాచే జబ్బు మొదలైంది. అప్పటికి ఆవిడకి 24 ఏళ్లు. ఆ చేతులతోనే ముగ్గురు పిల్లల్ని పెంచుకున్నారు, ఆ చేతులతోనే పెనిసిలిన్, బి12 విటమిన్ల రూపాలు కట్టారు. 1964లో నోబెల్ బహుమతి పొందారు. మధుమేహానికి వాడే ఇన్సులిన్ రూపం కోసం 1935లో మొదటి ఫోటో తీస్తే, అది పూర్తయ్యేసరికి 1969 అయింది. ముప్ఫయ్ నాలుగేళ్లు!

ఆ బెర్నాల్ దగ్గర పనిచేద్దామనే 1936లో వియన్నా నగరం నుంచి మాక్స్ పెరూట్జ్ కేంబ్రిడ్జి వచ్చాడు. మరుసటేడు హిమోగ్లోబిన్ చేతబట్టాడు. అది సుమారు 10,000 పరమాణువుల అణువు. అంత పెద్దదాన్ని ఈ పద్ధతిలో చూడడం అసాధ్యమని చాలామంది అనుకునేవారు. మధ్యలో యుద్ధం వచ్చింది. శత్రుదేశంవాడని 1940లో ఆయన్ని పట్టుకుని, ఓడెక్కించి కెనడాలో నిర్బంధించారు. తిరిగివచ్చి మళ్లీ అదే పని. 1953లో ఒక ఉపాయం దొరికింది. హిమోగ్లోబిన్ అణువుకి పాదరసం పరమాణువుని తగిలిస్తే ఫిలిం మీది చుక్కలు కాస్త మారతాయి. ఆ మార్పుని బట్టి మిగతా లెక్క తీగలాగినట్టు వస్తుంది. 1959లో, మొదలుపెట్టిన 22 ఏళ్లకి, హిమోగ్లోబిన్ రూపం బయటపడింది. నాలుగు దండలూ చుట్టలు చుట్టుకుని, నాలుగు ఉండలుగా ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్క ఉండలో ఒక్కొక్క ఇనుము పరమాణువు, అదే ప్రాణవాయువుకి పీట. ప్రాణవాయువు వచ్చి కూర్చున్నప్పుడు అణువు ఒక భంగిమలో, దిగిపోయాక ఇంకో భంగిమలో ఉంటుందని కూడా తరవాత తేలింది. 1962లో పెరూట్జ్‌కీ, ఆయన సహచరుడు కెండ్రూకీ నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇప్పుడు మన పూస దగ్గరికి వద్దాం. బీటా దండలో 6వ పూస అణువు పైభాగాన, బయటికి కనిపించేచోట ఉంది. అక్కడ ఉండవలసిన గ్లుటామిక్ ఆమ్లం నీటితో కలిసిపోయే స్వభావం కలది. దాని చోట వచ్చిన వేలీన్‌ది నూనె స్వభావం. చారు మీద తేలే పోపు నూనె చుక్కలు చూడండి. నీటితో కలవవు, ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కుంటాయి. వేలీన్ కూడా నీటిని తప్పించుకుని మరో నూనె చోటు కోసం చూస్తుంది. ప్రాణవాయువు దిగిపోయినప్పుడు హిమోగ్లోబిన్ భంగిమ మారుతుందన్నాను కదా. అప్పుడు పక్క అణువు మీద ఒక చిన్న గుంట ఏర్పడుతుంది. వేలీన్ సరిగ్గా అందులో కూర్చుంటుంది. రవికెకి కుట్టే ప్రెస్ బటన్లు మీకు తెలుసు. ఒక ముక్కకి బొడిపె, ఇంకో ముక్కకి గుంట, నొక్కితే టిక్కుమని అతుక్కుంటాయి. ఇదీ అంతే. ఒక అణువు బొడిపె పక్కదాని గుంటలో, దాని బొడిపె ఇంకోదాని గుంటలో, ఇలా వేల అణువులు అతుక్కుని పొడుగాటి తాళ్లలా పేనుకుంటాయి. ఆ తాళ్లు బిగిసి కణాన్ని లోపలినుంచి పొడుచుకువచ్చేసరికి అది కొడవలిలా వంగుతుంది. 1975లో అమెరికాలో వార్నర్ లవ్ బృందం కొడవలి హిమోగ్లోబిన్ స్ఫటికాన్నే ఎక్స్-రేతో చూసి, అణువులు ఇలా జంట వరసల్లో అతుక్కుని ఉండడం చూపించింది. 1927లో హాన్, గిలెస్పీలు చూసిన చిత్రానికి అర్థం అప్పుడు పూర్తిగా తెలిసింది.

ఇదంతా బాగానే ఉంది, బిడ్డ జ్వరం మాట ఏమిటని మీరు అడగాలి. నిజం చెప్పుకోవాలంటే, 1949లో జబ్బు మూలం తెలిసినా చాలా ఏళ్లు రోగులకి ఒరిగింది తక్కువే. లోకంలో జ్ఞానం ఒక్కొక్కప్పుడు ఎడ్లబండిలా నడుస్తుంది. కాని నడిచింది.

మొదటి మేలు పరీక్ష. రెండు హిమోగ్లోబిన్లూ విద్యుత్తులో వేరువేరుగా నడుస్తాయి కాబట్టి, పుట్టిన బిడ్డ మడమ నుంచి ఒక్క బొట్టు రక్తం తీస్తే జబ్బు ఉందో లేదో తెలుస్తుంది. తెలిసి ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నకి మెరిలిన్ గాస్టన్ అనే నల్లజాతి వైద్యురాలు జవాబు చెప్పారు. ఆవిడ 1964లో కొత్తగా ఆస్పత్రిలో పనిచేస్తున్నప్పుడు చెయ్యి వాచిన ఒక పసికందుని తీసుకువచ్చారు. దెబ్బ తగిలిందనుకున్నారు ఆవిడ. తీరా పరీక్ష చేస్తే కొడవలి కణాల జబ్బు. తనకి అది తట్టనందుకు బాధపడి, ఆ జబ్బునే తన పనిగా పెట్టుకున్నారు. ఈ పిల్లల్లో కొడవలి కణాలు ప్లీహాన్ని పాడుచేస్తాయి. అందువల్ల మామూలు పిల్లలు తట్టుకునే సూక్ష్మక్రిములు వీరిని గంటల్లో బలితీసుకుంటాయి. రోజుకి రెండుసార్లు నోటితో పెనిసిలిన్ ఇస్తే అలాంటి ప్రమాదాలు 84 శాతం తగ్గుతాయని గాస్టన్‌గారి బృందం 1986లో రుజువుచేసింది. ఫలితం అంత స్పష్టంగా ఉండడంవల్ల పరిశోధనని గడువుకి ముందే ఆపేసి, పిల్లలందరికీ మందు ఇచ్చారు. పుట్టగానే పరీక్ష, వెంటనే పెనిసిలిన్, ఈ రెండూ కలిసి ఎందరో తల్లులకి కడుపుకోత తప్పించాయి.

రెండో మేలు ఇంకో స్త్రీ చూపువల్ల మొదలైంది. న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అనే వైద్యురాలు 1948లో ఒక సంగతి గమనించారు. ఈ లక్షణం సంక్రమించిన చంటిపిల్లల రక్తంలో మొదటి నెలల్లో కొడవలి కణాలు అంతగా ఏర్పడడం లేదు. ఎందుకు? కడుపులో ఉన్న శిశువుకి వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టాక నెలల మీద అది పోయి పెద్దవాళ్ల రకం వస్తుంది. ఆ శిశు హిమోగ్లోబినే బిడ్డని కాపాడుతోందని ఆవిడ ఊహించారు. ఆ ఊహ నిజమే. అందులో బీటా దండే లేదు, దాని బదులు వేరే దండ ఉంటుంది. అంచేత మారిన పూస ప్రసక్తి లేదు. పైగా అది మధ్యలో దూరితే తాళ్లు పేనుకోవు. పాపాయికి ఆరో నెల వచ్చేవేళకి జబ్బు పైకి తేలడానికి కారణం ఇదే.

అయితే ఆ పాత హిమోగ్లోబిన్‌ని మళ్లీ పుట్టించగలిగితే? హైడ్రాక్సీయూరియా అనే మందు ఆ పని కొంతవరకు చేస్తుందనీ, నొప్పి రోజుల్ని బాగా తగ్గిస్తుందనీ 1995లో తేలింది. అది నోటితో వేసుకునే చౌక మందు. మన దేశంలోనూ డాక్టర్ల సలహా మీద వాడుతున్నారు. ఇక జెన్నిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పాంటియే అనే ఇద్దరు స్త్రీలు జన్యువుల్ని కోరినచోట కత్తిరించే పద్ధతి 2012లో చూపించారు. 2020లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. రోగి రక్తాన్ని పుట్టించే మూలకణాల్ని బయటికి తీసి, శిశు హిమోగ్లోబిన్‌ని ఆపివేసే కళ్లేన్ని ఈ కత్తెరతో తెంపి, తిరిగి ఒంట్లో పెట్టే చికిత్సకి 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతిచ్చాయి. జానెట్ వాట్సన్ 1948లో చంటిపిల్లల రక్తంలో చూసిన విషయమే 75 ఏళ్లకి చికిత్స అయింది. కాని అమెరికాలో దాని ఖరీదు 22 లక్షల డాలర్లు పెట్టారు. మన్యంలో ఉన్న తల్లికి అది ఎప్పుడు అందాలి?

మన్యం అని ఎందుకన్నానంటే, ఇది ఎక్కడో ఆఫ్రికా, అమెరికాల జబ్బు కాదు. 1952లో హెర్మన్ లేమన్, మేరీ కట్‌బుష్ అనే ఇద్దరు నీలగిరి కొండల్లోని గిరిజనుల రక్తంలో కొడవలి హిమోగ్లోబిన్ ఉందని మొదటిసారి చూపించారు. తరవాత మధ్య భారతంలో, ఒరిస్సాలో, మన పాడేరు, అరకు కొండల్లో, ఆదిలాబాదు, భద్రాచలం అడవుల్లో కూడా ఉందని తెలిసింది. అడవుల్లోనే ఎందుకు? దీనికి జవాబు ఆంథొనీ ఆలిసన్ 1954లో చెప్పాడు. తల్లితండ్రుల్లో ఒకరినుంచే ఈ లక్షణం వచ్చినవారికి జబ్బు రాదు సరికదా, ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. మన్యం జ్వరం ఉన్న ప్రాంతాల్లో అలాంటివారు ఎక్కువగా బతికి బట్టకట్టారు. కాబట్టి ఇది ఏ జాతికీ అవమానం కాదు. వాళ్ల పూర్వులు జ్వరాన్ని ఎదుర్కొన్న గుర్తు.

మన దేశంలో ఈ రోగుల్లో చాలామందికి శిశు హిమోగ్లోబిన్ కాస్త ఎక్కువ పాలు మిగిలి ఉంటుందనీ, అందువల్ల కొందరిలో జబ్బు తేలికగా ఉంటుందనీ పరిశోధనలు చెబుతున్నాయి. అందరికీ తేలికే అని మాత్రం అనుకోకూడదు. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బుని 2047కల్లా నిర్మూలించాలని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 40 ఏళ్లలోపు 7 కోట్లమందికి రక్తపరీక్ష చెయ్యాలని అప్పుడు సంకల్పించారు.

పట్నంలో ఉన్న మనకి దీంతో పనేమిటని అనుకోవద్దు. ఉద్యోగాల కోసం, చదువుల కోసం కొండలు దిగి వచ్చినవారు మన వీధిలోనే ఉంటారు. మన ఇంట పనిచేసే అమ్మాయి తరచు కీళ్లనొప్పులని పడుకుంటే బద్ధకమని కసురుకునే ముందు ఒక్కసారి ఆలోచించండి. రక్తం తక్కువని ప్రతివారికీ ఇనుము మాత్రలు కొనిపెట్టడం కూడా సరికాదు. ఇది ఇనుము తక్కువై వచ్చే రక్తహీనత కాదు. ముందు పరీక్ష చేయించాలి. ఈ జబ్బున్నవారు నీళ్లు బాగా తాగాలి, చలికి ఎండకి జాగ్రత్తపడాలి, బిడ్డకి జ్వరం వస్తే రేపు చూద్దామనకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కొత్త రక్తం పట్టడానికి డాక్టర్లు ఫోలిక్ ఆమ్లం మాత్రలు రాస్తారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారేనని మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. పెళ్లికి ముందు అబ్బాయికీ, అమ్మాయికీ ఇద్దరికీ రక్తపరీక్ష చేయిస్తే మంచిదంటున్నారు. ఇద్దరికీ ఈ లక్షణం ఉంటే ప్రతి కానుపులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక్కరికే ఉంటే పిల్లలకి ఈ జబ్బు రాదు, లక్షణం మాత్రం రావచ్చు. థలసీమియా వంటి ఇంకో రక్తదోషం రెండోవారికి ఉంటే చిక్కు రావచ్చు కనుక డాక్టరుని అడిగి తెలుసుకోవాలి. లక్షణం ఉన్నవారు రోగులు కారు. ఈ తేడా తెలియక 1970ల మొదట్లో అమెరికాలో పెద్ద అన్యాయం జరిగింది. పరీక్షలో లక్షణం ఉందని తేలినవారికి కొన్నిచోట్ల ఉద్యోగాలివ్వలేదు, బీమా ఇవ్వలేదు. మన దగ్గర ఇలాంటి అన్యాయం జరిగితే ముందు ఎవరి మీద పడుతుందో మీకు చెప్పనక్కరలేదు. కాగితం మీద ఒక చుక్క తేడా చూసి "పిల్లలో లోపం ఉంది" అని సంబంధం వదులుకునేవారూ ఉంటారు, కాపురానికి వచ్చిన పిల్లని పుట్టింటికి పంపేవారూ ఉంటారు. అలాంటివారికి మనమే చెప్పాలి, అబ్బాయి రక్తం కూడా చూపించండి అని. బిడ్డకి జబ్బు రావాలంటే రెండు చేతులూ కలవాలని 1949లోనే తేలిందని చెప్పాలి.

పెంటమ్మ అని పేరు పెట్టుకున్న ఆ తల్లికి తన బిడ్డలు ఎందుకు పోతున్నారో తెలియదు. తెలియక మృత్యువుని మభ్యపెట్టాలని చూసింది, లోకం అన్న మాటలు పడింది. మనకి ఇవాళ కారణం తెలుసు. 146 పూసల్లో 6వ పూస. తెలిసిన తరవాత కూడా ఏ తల్లినైనా నిందిస్తే ఆ తప్పు పూసది కాదు, మనది.